ఆరేదాకా చెయ్యి తియ్యొద్దు

క్లబ్బు వెనక స్టోర్‌రూమ్ తాళం తీయమని ఇంతవరకూ నేను అడగని మనిషి లేడు. సెక్రటరీని అడిగాను. సెక్రటరీ ఊళ్లో లేనప్పుడు ఆయన కుర్చీలో కూర్చున్నవాణ్ణి అడిగాను. వాచ్‌మన్‌ని అడిగాను. దరఖాస్తు రాసి ఇస్తే తీసుకున్నారు గాని, తీసుకున్నట్టు సంతకం పెట్టలేదు. మళ్లీ వెళితే "దేఖేంగే అంకుల్" అన్నారు. ఈ కిరందుల్ గనుల ఊళ్లో ఆ మాటకు అర్థం నాకు తెలుసు. టైమ్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినంత కాలం విన్నదే. చూస్తామన్నవాళ్లు చూడరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. అచ్చులో పడితేనైనా ఎవరో ఒకరు చదివి వాళ్ల చెవిన వేస్తారని.

ఆ గదిలో విరిగిన క్యారమ్ బోర్డుల కింద, పాత షామియానా గుడ్డల పక్కన ఒక అద్దాల పెట్టె ఉంది. అందులో మన లోడింగ్ ప్లాంటు, కొండ మీంచి దిగే కన్వేయర్ బెల్టు, ఆసుపత్రి, ఇనుప ఖనిజం నింపుకుంటున్న రైలు, పనిచేసే మనుషులు అన్నీ ఉన్నాయి. అన్నీ చిన్నవి. మనిషి గోరంత ఉంటాడు. హాలుకు రంగులు వేస్తున్నామని పెట్టెను తీసుకెళ్లి అక్కడ పడేశారు. రంగులు వేయడం ఎప్పుడో అయిపోయింది. హాల్లో దాని చోట ఇప్పుడు చల్లనీళ్ల మిషను ఉంది.

అదంతా ముక్క ముక్క అతికించి చేసిన మనిషి ఈ వేసవిలో పోయింది.

ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనేది. కంపెనీ ఆసుపత్రిలో నర్సు. అసలు పేరు నాకు తెలుసు గాని ఇక్కడ రాయను. పెట్టె కింది ఇత్తడి పలక మీద కమిటీవాళ్లందరి పేర్లూ ఉన్నాయి, ఆమె పేరు లేదు. రాయాల్సిన చోట ముందు మీరు రాయండి. ఆ తర్వాత నేను రాస్తాను.

ఆమెను మొదట చూసింది డ్రెస్సింగ్ రూములో. ఆఫీసు బీరువా తలుపు సందులో వేలు నలిగి వెళ్లాను. నా వెనక వచ్చిన ఒక కాంట్రాక్టరు తాలూకు మనిషి నాకంటే ముందు లోపలికి వెళ్లి, కట్టు కట్టించుకుని, నన్ను చూసి తల ఊపి మరీ వెళ్లాడు. వాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తే. నా వంతు వచ్చి లోపలికి వెళితే సిస్టరమ్మ ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ నొక్కిపట్టి, ఆ చేతిని పక్కకు ఎత్తి పెట్టుకుని నిలబడి ఉంది. వేళ్ల మధ్య చీపురుపుల్లల కంటే సన్నటి కర్రలతో ఒక నిచ్చెన.

"ఏటది?" అన్నాను.

"నిచ్చెన."

"నేను నిచ్చెన కోసం రాలేదు. నాకంటే వెనకొచ్చినోడు ముందెలా వెళ్లిపోతాడు?"

"కూసో అన్నా. నీ వంతు ఇప్పుడొచ్చింది, నీ కోపం పొద్దుగాలే వచ్చినట్టుంది."

కుడిచేత్తోనే గాయం కడిగింది, మందు రాసింది. కట్టు కట్టేటప్పుడు మాత్రం "ఈ కొస నువ్వు పట్టుకో" అంది. ఎడమచెయ్యి కిందికి దించలేదు. లోపలికి వచ్చిన డాక్టరుతో హిందీలో మాట్లాడింది, బల్ల మీద ఏడుస్తున్న ముసలమ్మను గోండీలో సముదాయించింది, నన్ను తెలుగులో తిట్టింది. వేళ్లు మాత్రం విడలేదు.

బయటికి వచ్చి ఫిర్యాదుల పుస్తకం అడిగి రాశాను. డ్యూటీ సమయంలో నర్సు బొమ్మలు అతికిస్తోందని, దీనిమీద తగిన చర్య తీసుకోవాలని. తల ఎత్తేసరికి ఆమె నా భుజం మీంచి చదువుతోంది.

"ఇంత సన్నగ, ఇంత సక్కగ రాస్తవా? రేపు సాయంత్రం మా క్వార్టరుకు రా. ఆసుపత్రికి బోర్డు రాయాలె. గోరంత బోర్డు. నా రాత కోడి గీకినట్టుంటది."

"మీ మీద కంప్లైంటు రాశానండీ."

"రాసినవ్ గద. అయిపాయె. రేపు రా, కంప్లైంటన్నా."

అప్పట్నుంచి నేను కంప్లైంటన్ననే. ఆ ఫిర్యాదు న్యాయమైనదే, ఇప్పటికీ వెనక్కి తీసుకోను. డ్యూటీలో నిచ్చెన అతికించకూడదు. కానీ మర్నాడు వెళ్లాను.

ఆమె క్వార్టరు వరండాలో గచ్చు మీద చాప, చాప మీద ఒక పాత తలుపు, ఆ తలుపు మీద ఊరు. ఇంజెక్షన్ సీసాల అల్యూమినియం మూతలు వ్యాగన్లకు చక్రాలయ్యాయి. సైకిల్ ట్యూబు కోసి కన్వేయర్ బెల్టు చేసింది. పాత ఎక్స్‌రే ఫిల్ములను నానబెట్టి, రుద్ది, నలుపంతా పోగొట్టి కిటికీలకు అద్దాలు కోసింది. ఎవరి పక్కటెముకల్లోంచి ఎవరు తొంగిచూస్తారో అని నవ్వేది. మనుషులకు చీపురుపుల్ల ముక్క ఒళ్లు, ఆవగింజ తలకాయ. ఆవగింజ మీద పసుపురంగు గోళ్లపాలిష్ చుక్క పెడితే హెల్మెట్. వీటన్నిటినీ ఆసుపత్రి పట్టకారుతో ఎత్తి, సిరంజిలోంచి తెల్ల జిగురు చుక్క వదిలి అతికించేది. తొందరగా అంటుకోవాల్సిన చోట క్విక్ గమ్ వాడేది. దాన్ని సూది మొనతో తీసుకుని అంటించేది.

ఆ గమ్ము వల్ల ఆమె వేలికొసల చర్మం ఎప్పుడూ పొరలు పొరలుగా లేచిపోతూ ఉండేది. ఆఫీసుల్లో బొటనవేలి హాజరు మిషన్లు పెట్టినప్పుడు ఆసుపత్రి మిషను ఆమె వేలిని గుర్తుపట్టలేదు. మా టైమ్ ఆఫీసు లెక్కలో ఆమె గైర్హాజరు. ఒకరోజు మధ్యాహ్నం నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"నేనున్నా. నీ మిషనే లేదు."

"మిషను చెప్పిందే లెక్క సిస్టరమ్మా. రూలు."

"అయితే ఆ రూలుకే చెప్పు, రేపట్నుంచి సూదులు వెయ్యమని."

మా సూపరింటెండెంటు నవ్వాడు. నేను నవ్వలేదు. ఆమె హాజరు చేతిరాతతో వేయడానికి అనుమతి తెప్పించడానికి ఎన్ని బల్లలు తిరగాలో అన్నీ తిరిగాను. ఆ పని చేసినందుకు ఎవరూ నాకు మంచిమాట చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం సూదిని నా చేతికిచ్చి, "ఇయ్యాల్టి నుంచి నువ్వు కూడ అంటియ్యి" అంది.

నేను అంటించిన మొదటి వస్తువు కన్వేయర్ పక్కన నడిచే దారికి ఒక కటకటా. మర్నాటికి ఊడి పడుంది. జిగురు మంచిది కాదన్నాను. ఆమె ఊడిన ముక్కను తెల్లటి దూది మీద రాసి చూపించింది. దూది ఎర్రబడింది.

"చూసినవా? నువ్వు చెక్కకు అంటియ్యలే. దుమ్ముకు అంటించినవ్. దుమ్ము లేచిపోయింది, దాంతోటి నీ కటకటా లేచిపోయింది."

మా ఊళ్లో ఆకుల మీద ఎర్రదుమ్మే, ఆరేసిన బట్టల మీద ఎర్రదుమ్మే. పొద్దున తుడిచిన బల్ల మధ్యాహ్నానికి ఎర్రగా ఉంటుంది. బయటి ఊళ్లలో ఇలాంటి బొమ్మలు చేసేవాళ్లకు ఈ బాధ తెలియదు. స్పిరిటుతో రెండు ముఖాలూ తుడవాలి, దూది తెల్లగా వచ్చేదాకా. రంగు వేసిన చోటైతే అతుకు పడేంత మేర రంగు గీకేయాలి, ఎందుకంటే రంగుకు అంటించినా అంతే. జిగురు లేకుండా ఒకసారి ఉత్తగా పెట్టి చూడాలి. అప్పుడు చుక్క. చుక్క పెద్దదైతే నా చేతిమీద ఒక్కటి వేసేది.

"జిగురు ఎక్కువైతే బలం అనుకుంటున్నవా? జిగురు ఎక్కువైతే మురికి. గంతే."

గొప్పలు కూడా చెప్పుకునేది. తన అతుకు దగ్గర విరగదని, పక్కన కర్ర విరగాల్సిందేనని. ఒకసారి పక్కింటావిడ చూడ్డానికి వస్తే ఒక పూర్తయిన వ్యాగన్ని పట్టుకుని నేలకేసి కొట్టి చూపించింది. కర్రే విరిగింది. నాకు ఆ వ్యాగన్ మళ్లీ చేయడానికి చాలా సాయంత్రాలు పట్టింది. ఆ విషయం కూడా నేను మర్చిపోలేదు.

అన్నిటికంటే కష్టమైంది పట్టుకోవడం. ముక్కను పెట్టాక అంటుకునేదాకా వేళ్లు కదలకూడదు. నాకు ఓపిక లేదు. మధ్యలో తీసి చూసేవాణ్ణి, వంకర పోయేది. "ఆరేదాకా చెయ్యి తియ్యొద్దు" అని ఎన్నిసార్లు చెప్పినా అంతే. చివరికి ఆమే ఒక దారి కనిపెట్టింది.

"ఒక కంప్లైంటు చెప్పు. అది అయ్యేదాక పట్టుకో."

చెప్పాను. పూజరోజు మిఠాయి పొట్లం అందరికీ ఇచ్చి నా బల్ల దగ్గర అయిపోయిందన్న సంగతి. ఆ చెప్పడం అయ్యేసరికి క్విక్ గమ్ గట్టిపడింది. తెల్ల జిగురుకు అది చాలలేదు. అప్పుడు క్వార్టరు పైకప్పు కారిన కథ చెప్పాను. అందులో సివిల్ సెక్షను, జూనియర్ ఇంజినీరు, తారు డబ్బా, నా పరుపు అన్నీ వస్తాయి. ముక్క కదలకుండా నిలబడింది.

ఆ తర్వాత నా ఫిర్యాదులే మాకు గడియారం అయిపోయాయి. ఏ జిగురుకు ఏది సరిపోతుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. "ఇది సన్న ముక్క, మిఠాయి పొట్లం చాలు" అనేది. "ఇది దూలం. ప్రమోషన్ తియ్యి" అనేది. నా జూనియర్‌కు నాకంటే ముందు ప్రమోషన్ ఇచ్చిన కథ అది. పొడుగైనది. నేను చెబుతుంటే ఆమె కూడా రెండో కొస పట్టుకుని కూర్చునేది. మధ్యలో నేను ఏదైనా వదిలేస్తే, "ఆ పెద్దసారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది చెప్పలే" అని గుర్తుచేసేది. నేను తొందరగా ముగిస్తే, "ఇంక ఆరలే, మళ్ల చెప్పు" అనేది.

ఈ ఊళ్లో నా మాట మొదట్నుంచి చివరిదాకా విన్న మనిషి ఆమె ఒక్కతే. వేళ్లు వదిలేయడానికి వీల్లేక విందని మీరు అనొచ్చు. అనుకోండి.

విశ్వకర్మ పూజనాడు ఆ నమూనాను క్లబ్బు హాల్లో పెట్టాలని అప్పటి కమిటీ నిర్ణయించింది. ముఖ్య అతిథి వచ్చే వేళ ముందుకు జరిగింది. రైలింజనుకు, ఆసుపత్రికి కిటికీ అద్దాలు పెట్టడం ఇంకా మిగిలే ఉంది. తెల్ల జిగురుతో అయితే ఆరదు. సిస్టరమ్మ అయిష్టంగానే క్విక్ గమ్ వాడింది. పని అవుతూనే అప్పటి సెక్రటరీకి చెప్పింది.

"రేపటిదాక పెట్టె మూయకుర్రి. ఈ గమ్ముకు ఆవిరుంటది. అది బయటికి పోవాలె."

"దుమ్ము పడుతుంది సిస్టర్‌జీ" అని అతను మూసి తాళం వేశాడు. అతిథి చేతుల మీదుగా గుడ్డ తీయించాలి కదా. కార్యక్రమం అయింది. ఫొటోలు తీశారు. ఆమెను ఫొటోలో చివర నిలబెట్టారు. నన్ను పిలవనే లేదు.

మర్నాటికి లోపలి ఆవిరి పట్టి కిటికీలన్నీ తెల్లగా పాలు కారినట్టు అయిపోయాయి. ఇంజను ముందు అద్దాలు మరీ. హాల్లో అందరి ముందూ సెక్రటరీ హిందీలో అన్నాడు, "సిస్టర్‌జీ, మీ రైలుకు మోతియాబిందు వచ్చిందే" అని. కంటికి పొర వచ్చిందని హేళన. నవ్వారు. ఎవరెవరు నవ్వారో వరసగా చెప్పగలను. నేను లేచి, తప్పు ఎవరిదో చెప్పడం మొదలుపెట్టేలోపే ఆమె చెయ్యి చాపింది.

"పొరకు ఆపరేషన్ ఉంటది. తాళంచెవి ఇయ్యి."

"వచ్చే ఏడు పూజకి చూద్దాం."

ఆమె డ్యూటీ అయ్యాక తెల్లచీర మార్చుకోకుండా వచ్చి పెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పేకాటకు వచ్చినవాళ్లు వచ్చారు. పెళ్లి మాటలకు వచ్చినవాళ్లు వచ్చారు. ఆమె ఎవరితోనూ దెబ్బలాడలేదు, ఎవరు పలకరించినా "తాళంచెవి కోసం" అని మాత్రం చెప్పింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. పక్కన నేను. ఆసుపత్రికి వెళ్లే ప్రతివాడూ ఆమె చేత సూది వేయించుకోవాల్సినవాడే కాబట్టి ఆ నవ్వినవాళ్లే ఒక్కొక్కరు వెళ్లి సెక్రటరీకి చెప్పడం మొదలుపెట్టారు. చివరికి అతనే తాళంచెవి తెచ్చి ఆమె ఒళ్లో పడేసి వెళ్లాడు.

తెల్లబడ్డ అద్దాలన్నీ ఊడదీశాం. కొత్త ఫిల్ము కోసి, ఈసారి తెల్ల జిగురుతో పెట్టాం. అది ఆరితే కనబడదు, ఆవిరి రాదు. ఒక్కో అద్దానికి ఒక్కో ఫిర్యాదు. నా దగ్గర ఉన్నవి అయిపోతే, సెక్రటరీ అన్న మాటే కొత్త ఫిర్యాదుగా చెప్పాను.

"ఇది పచ్చిగుంది. ఇంజను ముందద్దానికి ఇదే పెట్టు" అంది.

ఆ పని చివర్లో ఆమె పట్టకారుతో ఒక మనిషిని తీసుకొచ్చి ఆసుపత్రి గేటు దగ్గర నిలబెట్టింది. మిగతావాళ్లలో ఒకడు పార పట్టుకున్నాడు, ఒకడు జెండా ఊపుతున్నాడు, ఒకామె తల మీద గంప పెట్టుకుంది. వీడి చేతిలో ఏమీ లేదు. ఒక చెయ్యి మాత్రం పైకెత్తి ఉంది. పళ్లు తోముకునే బ్రష్షు పోచ ఒకటి తుంచి పెట్టిన చెయ్యి.

"ఎవరు వీడు?" అన్నాను.

"ఏంది అట్ల అడుగుతవ్? ఆసుపత్రి గేటు కాడ కంప్లైంటు ఉన్నదని చెయ్యెత్తుకుని నిలబడేటోడు ఈ ఊళ్లె ఇంకెవడున్నడు?"

నాకు బాధేసింది. "అందరికీ పని ఇచ్చారు. నన్నొక్కణ్ణి ఇలా పెట్టారేటి? చెయ్యి దించేయండి."

"దించ. ఎవడన్న వచ్చి, ఏందన్నా అని అడిగేదాక అట్లనే ఉంటది."

ఆ చెయ్యి మరీ సన్నం కావడంతో అప్పుడప్పుడూ ఊడేది. పెట్టెను ఎవరైనా తగిలినా చాలు. ప్రతి విశ్వకర్మ పూజకూ పెట్టె తెరిచి దుమ్ము తుడిచి, ముందుగా ఆ చెయ్యే చూసేది. ఊడితే సూది మొన మీద గమ్ము తీసుకుని, "నోరు మూసుకుని పట్టుకో, దీనికి కంప్లైంటు అక్కర్లే" అనేది.

రిటైరయ్యాక ఆమె కొంటా దగ్గర మరైగూడకు, తన చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. దంతెవాడ జీపు ఎక్కేటప్పుడు పట్టకారూ సిరంజీ ఒక గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది.

"నేనింక ఇటు రాను అన్నా. చెయ్యి ఊడితే నువ్వే అంటియ్యి. స్పిరిటుతోటి తుడిచినంకనే."

"మీరు లేకపోతే నేను ఎవరికి చెప్పుకోవాలండి?"

"వాళ్లకే చెప్పు. ఆరేదాక చెయ్యి తియ్యకు."

జీపువాడు అప్పటికే హారన్ కొడుతున్నాడు. అదే చివరి చూపు.

ఈ వేసవిలో ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "కంప్లైంటన్న అంటే మీరేనా?" అని అడిగింది. అవునన్నాను. అక్క పోయిందని చెప్పింది. తర్వాత ఆవిడే అంది, "మీ ఊళ్లె ఏదో బొమ్మల పెట్టె ఉన్నదట గద. దాని సంగతి ఏందని అడిగితే, కంప్లైంటన్న ఉన్నడు, ఇడిసిపెట్టడు అని చెప్పింది."

ఆ రోజే నేను క్లబ్బుకు వెళ్లాను. హాల్లో పెట్టె లేదు, నీళ్ల మిషను ఉంది. వెనక్కి వెళ్లి కిటికీ చువ్వల్లోంచి చూశాను. క్యారమ్ బోర్డుల కింద పెట్టె ఒక మూల కనిపించింది. అద్దం మీద దుమ్ము అట్ట కట్టి లోపల ఏమీ కనబడలేదు. దాని పైన కప్పు రేకు ఒకటి జరిగి ఉంది, ఆకాశం కనబడుతోంది.

సెక్రటరీగారూ, మీరు కొత్తగా వచ్చారు, మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. తెల్ల జిగురు ఎంత గట్టిగా పట్టినా నీళ్లు తగిలితే మళ్లీ పాలవుతుంది. మా కిటికీలన్నీ ఆ జిగురుతోనే ఉన్నాయి. రోహిణి కార్తె వెళ్లిపోయింది. నిన్న కొండ మీద మబ్బు పట్టింది, బచేలీ వైపు చినుకులు పడ్డాయని బస్సులో వచ్చినవాళ్లు చెప్పారు. ఆ రేకు సందులోంచి నాలుగు వానలు పడితే ఆమె చేసిన ఊరంతా ముక్కలై ఎర్రబురదలో పడి ఉంటుంది. అప్పుడు మీరు ఊడ్చి పారేస్తారు, అది కూడా నాకు తెలుసు.

పెట్టెకు హాల్లో చోటు ఇవ్వకపోతే ఇవ్వకండి. ఆ మాటకు వేరే కొట్లాట ఉంది, దాన్ని వదల్లేదు. ముందు తాళం తీయండి. పెట్టెను నా అద్దెగది వరండాకు మోయించుకుని వెళతాను. స్పిరిటు ఉంది, దూది ఉంది, ఆమె పట్టకారూ సిరంజీ ఉన్నాయి. ఫిర్యాదులకు లోటు లేదు. మీరు "దేఖేంగే" అన్నది కూడా కలుపుకుంటే ఇంజను మొత్తానికి సరిపోతుంది.

రేపు డ్యూటీలు దిగే వేళకు క్లబ్బు హాల్లో ఆ నీళ్ల మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎల్లుండీ అక్కడే ఉంటాను. దేనికోసమని అడిగినవాళ్లకల్లా తాళంచెవి కోసమని చెబుతాను. ఆ గదిలో ఆసుపత్రి గేటు దగ్గర గోరంత మనిషి ఒకడు చెయ్యెత్తుకుని నిలబడి ఉన్నాడు. ఆ చెయ్యి ఇంకా ఉందో ఊడిందో నేను చూడాలి. మీలో ఎవరో ఒకరు వచ్చి, ఏందన్నా అని అడగండి.